మడమకు కాటుక

మా అమ్మ రెండు కాళ్లు చాపి కూసున్నదంటే ఆ ఇంట్ల పసిబిడ్డ ఉన్నట్టే. జహీరాబాద్‌ల ఆ రోజులల్ల బాలింతలకు, పసిపిల్లలకు నీళ్లు పోసుడు ఆమె పని. కాన్పు చేసేటి మంత్రసాని వేరే ఉండె. మంత్రసాని చేతులు కడుక్కొని పోయినంక మా అమ్మ కొంగు బిగించి వస్తుండె. బిడ్డకు మూడు నెలలు నిండేదాక రోజు పొద్దున ఆ ఇంటికి పోవాలె. మా నాయిన చెరుకు బండ్లు తోలేటోడు, నాకు ఐదేండ్లప్పుడు జరం వచ్చి పోయిండు. గప్పటి సంది మా ఇద్దరి తిండి, నా బడి, అన్ని ఆమె చాపిన కాళ్ల మీదనే నడిచినయ్.

తానం చేసే జాలారిల పీట వేసుకొని, చీర మోకాళ్ల మీదికి జరుపుకొని, బిడ్డను కాళ్ల మీద పండవెట్టుకుంటది. నువ్వుల నూనె పట్టిచ్చి, చేతులు కాళ్లు సాగదీసి, శనగపిండి రుద్ది, ఎడమ చెయ్యి బిడ్డ ఎద మీద ఆనిచ్చి, కుడి చేత్తో చెంబుల నీళ్లు వంచుతది. నీళ్ల వేడి ఎన్నడు వేలితో చూడదు, మోచేతితోనే చూస్తది. ముందు ఎల్లెలుకల, తర్వాత బోర్ల. ఒళ్లు తుడిచి, ఊదు పొగ వేసి, పాత మెత్త చీర ముక్కల చుట్టినంక ఆఖరి పని కాటుక. చెంపకు ఒక చుక్క, అరికాలుకు మడమ కాడ ఒక చుక్క. చెంపకు పెడితే నలుగురికి కనవడ్తది, కాలికెందుకని నేను చిన్నప్పుడు ఒకసారి అడిగిన. "యాది మరిచే జాగ అదే బిడ్డా, అందుకే ఆఖర్న యాదిజేసుకొని పెట్టాలె" అన్నది.

నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు అమ్మ ఒకరి ఇంట్ల జాలారిల పాచి మీద కాలు జారి పడ్డది. కుడి చెయ్యి మణికట్టు విరిగింది. న్యాల్‌కల్ దిక్కు ఒక ఊర్ల కట్లు కట్టేటాయన దగ్గరికి పోయి వెదురు బద్దలు కట్టిచ్చుకొని వచ్చింది. కట్టు ఇప్పినంక చెయ్యి జర వంకరగ నిలిచింది. జొన్నరొట్టె కొడ్తది, బట్టలు పిండుతది, ఏం తేడా తెల్వది. గని నిండు చెంబు ఎత్తి పట్టుకున్నప్పుడు ఒక్కోసారి ఏం చెప్పకుంట వేళ్లల్ల బలం పోతది. మా ఇంట్ల రెండు సార్లు చెంబు జారి పడంగ నేను చూసిన. ఒకరి బిడ్డ కాళ్ల మీద ఉన్నప్పుడు మాత్రం ఎన్నడు జారలే. సగం చెంబే ముంచుకొని, మెల్లమెల్లగ పోసి నెట్టుకొస్తుండె. మణికట్టుకు గుడ్డపేలిక చుట్టి, ఎవరన్న అడిగితే గాజు గీరుకున్నదని చెప్తుండె.

"ఈ మాట గడప దాటొద్దు" అని నాతోని చేతిల చెయ్యి వేయించుకున్నది. దాటితే ఏమైతదో నాకు తెల్సు. చెయ్యి పట్టు లేనామె కాళ్ల మీద ఎవరన్న బిడ్డను పండవెడ్తరా? పండవెట్టరు. మా పొయ్యి ఆరిపోతది, నా బడి బంద్ అయితది. గంత తెల్సి గూడ నేను చేసిన పని ఇప్పుడు చెప్తున్న.

తొమ్మిదిల మాకు ఇంగ్లీషు చెప్పెటందుకు కొత్త సారు వచ్చిన్రు. మా ఊరు బీదర్ జిల్లా నుంచి మెదక్ జిల్లాల కలిసి అప్పటికి నాలుగేండ్లు కాలే. ఊర్ల పెద్దలు సగం మంది ఉర్దూల రాసేటోళ్లు, బజార్ల కన్నడం, మరాఠీ కలిపి బేరమాడేటోళ్లు. గసొంటి దాంట్ల కృష్ణ అవతలి నుంచి వచ్చిన సారు "ఏమండీ, కూర్చోండి" అంటుంటే మాకు నవ్వు ఆగకపోతుండె. వెనక బల్ల పోరగాండ్లు ఆయన నడక గూడ చేసి చూపిస్తుండిరి. ఆయన చూసి, ఆయన గూడ నవ్వేటోరు.

ఆయనకు ఒక పద్ధతి ఉండె. వారానికి ఒక ఇంగ్లీషు మాట, పాఠంల లేనిది, నల్లబల్ల మీద రాసి దాని కథ చెప్తరు. తెల్లారి ఒక్కొక్కరు ఆ మాట పెట్టి ఒక వాక్యం తేవాలె. అది మన ఇంటిదో మన గల్లీదో అయి ఉండాలె. పుస్తకంల చూసి తెస్తే అది పుస్తకం వాక్యం, నీది కాదు అని తిప్పి పంపేటోరు. నాకు ఆ పద్ధతి మీద పాణం. క్లాసుల నలుగురం ఆడపిల్లలం, ఆ నలుగుర్ల నేనే ఫస్టు రావాలెనని నా పట్టు. మా ఇంట్ల నేను గెలిచేటిది ఇంకేమున్నది?

ఆ వారం ఆయన రాసిన మాట అకిలీస్ హీల్, హీల్ అంటే మడమ. గ్రీకుల పాతకాలం కథ. ఒక దేవతకు మనిషి వల్ల కొడుకు పుట్టిండు, వాని పేరే అకిలీస్. వానికి చావు రావద్దని ఆమె వాణ్ని ఒక నదిల ముంచింది. ఆ నీళ్లు తగిలిన ఒంటికి ఏ ఆయుధం పారదు. ముంచేటప్పుడు మడమ పట్టుకున్నది గనుక అక్కడ నీళ్లు తగల్లే. వాడు పెద్దగైండు, ఎవ్వరు కొట్టలేని వీరుడైండు. ఆఖరికి ఒక బాణం వచ్చి ఆ మడమకే తాకి చచ్చిపోయిండు. మన కథల్ల గూడ తొడ ఒక్కటి మిగిలినోడు ఉన్నడు గద సార్ అని ఎవడో అన్నడు. సారు సంబురపడ్డరు.

తర్వాత ఆ మాట వాడే తీరు చెప్పిన్రు. ప్రతి బలహీనతకు ఈ మాట అతకదు. అన్ని తీర్ల గట్టిగ ఉన్న మనిషికి ఒక్క జాగల ఉన్న లోపం, అది తెల్సినోడు అక్కడ కొడితే మనిషి మొత్తం పడిపోయేది, అదే అకిలీస్ హీల్. మొత్తం పాడైన గోడకు ఈ మాట వాడొద్దు, మంచి గోడల ఒక్క పగులుకు వాడాలె అని చెప్పిన్రు. తెల్లారి ఒక పోరడు లేచి, లెక్కలే నా అకిలీస్ హీల్ అన్నడు. సారు మిగిలిన సబ్జెక్టులల్ల వాని మార్కులు అడిగి, "నీకు మడమ కాదు నాయనా, కాలంతా అదే" అన్నరు. క్లాసు పగలవడి నవ్వింది. ఇంకొకడు మా ఎద్దు అకిలీస్ హీల్ దాని కుడి కన్ను అన్నడు. అది మంచిగనే ఉన్నది, సారు శభాష్ అన్నరు. ఎద్దు కన్నుకన్న గట్టి వాక్యం నా దగ్గర ఉండె.

లేచి చెప్పిన. మై మదర్స్ రైట్ రిస్ట్ ఈజ్ హర్ అకిలీస్ హీల్.

సారు కండ్లు పెద్దగైనయ్. ఎందుకో తెలుగుల చెప్పమన్నరు. నేను ఆగలే. మా అమ్మ ఎంత గట్టిదో, కాగెడు నీళ్లు రెండు చేతుల ఒక్కతే దించుతదని, ఊరంత పిల్లలు ఆమె కాళ్ల మీదనే పెరిగిన్రని, ఒక్క మణికట్టు మాత్రం నిండు చెంబు పట్టినప్పుడు జారుతదని, అన్ని చెప్పిన. మాట వాడే తీరు అంటే ఇదీ అని సారు నల్లబల్ల మీద నా వాక్యం రాసిన్రు. అది ముత్యాల తీరుగ కనవడ్డది నాకు. నా పక్కన సావుకారి ఇంటి పిల్ల కూసుంటుండె. ఆమె అక్క కాన్పుకు వచ్చి ఉన్నది, బిడ్డకు పదమూడు దినాలు. ఆ బిడ్డకు రోజు పొద్దుగాల నీళ్లు పోసేది మా అమ్మనే. నేను ఆ పిల్ల దిక్కు చూడనన్న చూడలే, నల్లబల్ల దిక్కే చూసుకుంట కూసున్న.

తెల్లారి అమ్మ పోయిన కాలు పోయినట్టే తిరిగొచ్చింది. గడపల నిలవడి, ఇగ రావొద్దన్నరు అన్నది. సావుకారమ్మ మంచిదే, తిట్టలేదట. లోపలికి మాత్రం రానియ్యలేదట. "నీ చెయ్యి మంచిగ చేయించుకో, మా పిల్లకు ఏమన్న అయితే నువ్వు గూడ బతకలేవు గద" అన్నదట. ఆ మాట అన్యాయం అనడానికి నోరు రాదు నాకు, ఇప్పటికి గూడ. మూడో నాటికి ఇంకో రెండు ఇండ్లు బంద్ అయినయ్. మా ఊరు ఆనాడు ఎంత ఉండె! బజార్ల దగ్గితే స్టేషన్ కాడ ఇనవడేది.

బడిల చెప్పింది నేనే అని అమ్మకు చెప్పలే. మూడు దినాలు ఏం తెల్వనట్టు తిరిగిన. అమ్మ ఇంట్ల కూసొని ఎవరు చెప్పి ఉంటరని మనుషులను ఒక్కొక్కరిని తీసి చూసుకుంటుండె. ఆఖరికి అనుమానం పక్కింటామె మీద వడ్డది. ఆమెనే ఒకనాడు చెంబు జారిన చప్పుడు విని తొంగి చూసిందట. పదేండ్ల సంది ఉప్పు, నిప్పు ఇచ్చి పుచ్చుకున్నోళ్లు. నాలుగో నాడు పొద్దుగూకంగ అమ్మ కొంగు దోపుకొని లేచింది, ఆమె ఇంటి ముందు నిలవడి అడుగుతనని. అప్పుడు నేను వాకిట్ల అడ్డం నిలవడ్డ. నేనే చెప్పిన అని అన్న.

అమ్మ అరుగు మీద కూసున్నది. ఎవరికి చెప్పినవ్ అంటే బడిల అన్న. ఎందుకు చెప్పినవ్ అంటే ఏం చెప్పాలె? కథ మొదలువెట్టిన. దేవత సంగతి, నది సంగతి, కొడుకు సంగతి. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సిన. అమ్మ నా ఏడుపు ఇనలే, కథనే ఇన్నది. మడమ పట్టుకొని ముంచిన కాడ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"పసిపిల్లగాన్ని మడమ వట్టి తలకిందులు ముంచిందా? ఆమెకు కాళ్లు లేవా, చాపి పండవెట్టుకోవడానికి?"

నది లోతుగ ఉండొచ్చు అన్న.

"లోతున్నా సరే. ఒక కాలు వట్టి ముంచినంక, మల్ల రెండో కాలు వట్టి ముంచొద్దా? ఎల్లెలుకల పోసినోళ్లు బోర్ల పోయకుంట లేస్తరా? ఆఖరుకు మడమకు కాటుక అన్న పెట్టిందా?"

పెట్టలేదు అన్న, అది ఏదో నా తప్పే అయినట్టు. నాకు తెల్సిన చదువుకున్నోళ్లల్ల గూడ ఒక్కరు ఆ కథను గిట్ల పట్టుకోలే. సారు దాంట్ల వీరుణ్ని చూసిన్రు, మేం బాణాన్ని చూసినం, మా అమ్మ సగంల వదిలేసిన తానాన్ని చూసింది. తర్వాత నా వాక్యం ఏందో చెప్పమన్నది. ఇంగ్లీషుల చెప్పి తెలుగుల చెప్పిన. తలకాయ ఊపింది. మంచి వాక్యం అయితదని చెప్పిన అమ్మా, అన్న.

"నీకు మడమకు గాదే, నాలుకకు పెట్టాలె కాటుక" అన్నది. అని నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నది. ఆనాడు ఆమె నన్ను కొట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ నవ్వుకు మాత్రం నేను జన్మంత రుణపడి ఉన్న.

నేను రెండు దినాలు బడికి పోలే. సావుకారి పిల్ల సారుకు సంగతి చెప్పిందట. తన ఇంట్ల మొదట చెప్పింది గూడ ఆ పిల్లనే అని నాకు అప్పుడు పగ ఉండె గని, ఆలోచిస్తే ఆమె చేసిందేంది? చెల్లె బిడ్డో అక్క బిడ్డో ఇంట్ల ఉంటే నేను చెప్పకపోదునా? ఐతారం పొద్దున సారు మా గల్లీకి వచ్చిన్రు. అరుగు కాడ నిలవడి మా అమ్మకు రెండు చేతులు జోడిచ్చిన్రు. అమ్మ బిత్తరపోయింది. ఆమెను అప్పటిదాక "మీరు" అన్నోళ్లు లేరు మా ఊర్ల.

పిల్ల తప్పేం లేదని, ఇంట్ల నుంచి వాక్యం తెమ్మన్నది తానేనని, తెచ్చినంక అది బయటపడితే ఆ ఇల్లు ఏమైతదో ఆలోచన చేయలేదని చెప్పిన్రు. తర్వాత అసలు మాట చెప్పిన్రు. ఆయన భార్య దవాఖానల కని ఎనిమిది దినాలైంది. ఆమె తల్లి గోదావరి దిక్కు, జబ్బుతోని ఉన్నది, రాలేదు. బిడ్డకు నీళ్లు పోయడం ఆ ఇద్దరికి తెల్వక తడి గుడ్డతోని తుడుస్తున్నరట.

అమ్మ వెంటనే ఒప్పుకోలే. మణికట్టుకు చుట్టిన పేలిక ఇప్పింది. వంకర చెయ్యి ముందుకు చాపి చూపించింది.

"పిల్ల చెప్పింది అబద్ధం గాదు సారూ. నిండు చెంబు నా చేతిల ఆగదు. దాచుకొని పోసిన గని, రోజు పాణం అరచేతిల పెట్టుకొనే పోసిన. నా కాళ్లు మాత్రం గట్టివి."

"నాకు మీ కాళ్లే కావాలండీ" అన్నరు సారు. "ఇంత ఖచ్చితంగా తన లోపం చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు."

అమ్మ ఒక షరతు పెట్టింది. "ఇద్దరం వస్తం. బిడ్డను పట్టేది నేను, చెంబు పట్టేది నా బిడ్డ. నేను చెంబు ముట్టనే ముట్ట" అన్నది. నా దిక్కు తిరిగి, నువ్వు విరగ్గొట్టినవ్ గద, నువ్వే అతుకువెట్టు అన్నట్టు చూసింది. రెండో కాలు వట్టి ముంచుడు అంటే ఏందో నాకు అప్పుడు సమజైంది.

సారు ఇంట్ల మొదటి పొద్దు చెంబును నేను రెండు చేతుల గట్టిగ పట్టుకున్న. బాలింత తలుపు కాడ నిలవడి చీర కొంగు నోట్ల కుక్కుకున్నది. అమ్మ కాళ్లు చాపి, బిడ్డను పండవెట్టుకొని, నాకు చెప్పుకుంట పోయింది. మోచెయ్యి పెట్టి చూడు. ఇంకో చెంబు చల్ల నీళ్లు కలుపు. మీది నుంచి పోయకు, నా చేతి మీద పొయ్యి, నా చేతి మీదికెళ్లి బిడ్డకు పోనియ్యి. ఆ వంకర చెయ్యి దోసిలి తీరుగ బిడ్డ నుదురు కాడ అడ్డం పెట్టింది. నేను పోసిన నీళ్లు ముందు ఆమెకు తాకి, తర్వాత బిడ్డకు తాకినయ్. వేడి ఎక్కువైతే ముందు ఆమెకే తెలుస్తది. బిడ్డ ఒక్కసారి కెవ్వుమని, తర్వాత కండ్లు మూసుకున్నది. గట్లనే నిద్రవోయింది. సారు జాలారి అవతల అటూ ఇటూ తిరుగుతుండిరి, పరీక్ష రాసే పోరని తీరుగ.

బిడ్డ పుట్టిన ఇరవయ్యొకటో నాడు సారు ఇంటికి సావుకారమ్మ చూడ వచ్చింది. మేం నీళ్లు పోస్తుంటే తలుపు కాడ నిలవడి మొత్తం చూసింది. తెల్లారి తన చిన్న కూతురును తోలింది మా ఇంటికి. నా క్లాసు పిల్ల వాకిట్ల నిలవడి, నా మొఖం చూడలేక నేల చూసుకుంట, ఇద్దరు రావాలెనట అన్నది. అప్పటి సంది మా ఊర్ల అందరు అదే అన్నరు, ఇద్దరు రావాలె అని. ఒక్కతి పోస్తే ఏమైతుండెనో నేను ఎన్నోసార్లు అనుకున్న. ఏదో ఒకనాడు ఆ చెంబు ఒకరి బిడ్డ మీదనే జారేది. నా నోటి దూల మా పొయ్యి ఆర్పబోయింది, అదే ఒక పసిపాణాన్ని కాపాడిందో ఏమో. దీంట్ల నా గొప్ప ఏం లేదు. నేను విరగ్గొట్టిన, వాళ్లిద్దరు అతికిన్రు.

మెట్రిక్ దాక పొద్దుగాల మూడు ఇండ్లల్ల నీళ్లు పోసి బడికి ఉరికిన. చేతులకు నువ్వుల నూనె వాసన పోకుంటనే పరీక్ష రాసిన. తర్వాత సారే ఫారం నింపి నన్ను టీచర్ ట్రైనింగ్‌కు పంపిన్రు. మొగుడంపల్లి దిక్కు ఒక ఊర్ల బడిల కొలువైంది. వారానికి ఒక మాట రాసి, మీ ఇంటి నుంచి వాక్యం తెండ్రి అని నేను గూడ చెప్పిన. ఒక్కటే తేడా. ఎవరి సంగతి చెప్తున్నరో వాళ్లను ముందు అడిగి రాండ్రి అనేదాన్ని.

పంతొమ్మిదొందల అరవై ఎనిమిదిల నాకు ఆడపిల్ల పుట్టింది. మొదటి నెల అమ్మనే కాళ్లు చాపింది, పక్కింటామె చెంబు పట్టింది. నెల దాటినంక ఒక పొద్దు అమ్మ పీట నా దిక్కు జరిపి, నువ్వు కూసో అన్నది. నేను కాళ్లు చాపిన. చిన్న చెంబు ఎడమ చేత్తో పట్టుకొని, నా చేతి మీద పోసింది ఆమె. ఎల్లెలుకల పోసినం, బోర్ల పోసినం. ఊదు పొగ వేసినం. చెంపకు చుక్క పెట్టి, మడమకు చుక్క పెట్టి నేను కాటుక డబ్బా మూయబోయిన.

అమ్మ గాజులు మీదికి జరుపుకొని కుడి చెయ్యి నా ముందు పెట్టింది. ఆ చేతికి పేలిక చుట్టక ఎనిమిదేండ్లు దాటింది.

"దీనికి గూడ పెట్టు బిడ్డా. దాచుకున్నన్ని దినాలు దీనికి పెట్టుకోలే" అన్నది.

పెట్టిన. చుక్క జర పెద్దగనే పడ్డది.